కొండ నుంచి కడలి దాకా: పసిపిల్లల చదువులో గంజాం నేల

(బరంపురంలో ఉప్పల లక్ష్మణరావు గారి స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల లక్ష్మణరావు గారి పేరు వినగానే సాహిత్యం తెలిసినవారికి ‘అతడు–ఆమె’ నవల గుర్తుకొస్తుంది. ఆయన 1898లో ఈ బరంపురంలోనే పుట్టారు. చదివింది వృక్షశాస్త్రం. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గారి దగ్గర పనిచేశారు, యూరప్ వెళ్లి పైచదువులు చదివారు, తరవాతి కాలంలో మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. 1985లో కన్నుమూశారు. నవలాకారుడిగా ఆయన గురించి సాధికారంగా మాట్లాడగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను బడిపిల్లల మధ్య బతికిన మనిషిని. అందుకని ఆయనలోని మొక్కల శాస్త్రవేత్తనూ, ఆ శాస్త్రవేత్తకు దారి చూపిన బోసు గారినీ తలుచుకుంటూ పసిపిల్లల చదువు గురించి మాట్లాడతాను.

బోసు గారి బాల్యంలో ఒక సంగతి ఉంది. ఆయన 1858లో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆ రోజుల్లో హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. ఈ తండ్రి మాత్రం కొడుకును ఊళ్లో బెంగాలీ బడికే పంపాడు. అక్కడ ఆ పిల్లవాడికి ఒక పక్క తమ ఇంట్లో పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, ఇంకో పక్క ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. వాళ్లు చెప్పే పక్షుల కబుర్లు, జంతువుల కబుర్లు, నీళ్లలో తిరిగే జీవాల కబుర్లు చెవులప్పగించి వినేవాణ్ణనీ, ప్రకృతిని శోధించాలన్న కోరిక బహుశా అక్కడే తన మనసులో పడిందనీ 1915లో ఒక సభలో ఆయనే చెప్పుకున్నారు.

ఆ పక్కన కూర్చున్న జాలరి కుర్రాడి గురించే నా ప్రసంగం. అతని స్నేహితుడు ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. స్నేహితుడికి అంత ఇచ్చిన ఆ కుర్రాడు ఏమయ్యాడో చరిత్ర రాసుకోలేదు. అలాంటి పిల్లలు ఈ రోజు గంజాం తీరంలో వేలమంది ఉన్నారు. గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య మొగ దాకా ఉన్న నోలియా (జాలరి) పల్లెల్లో తెలుగు మాట్లాడుకుంటూ పెరుగుతున్నారు. పాటు ఎప్పుడో పోటు ఎప్పుడో వాళ్లకు తెలుసు. ఏ గాలికి ఏ చేప పడుతుందో తెలుసు. బడికి వచ్చాక వాళ్లు ‘చదువులో వెనకబడ్డ పిల్లలు’ అవుతున్నారు. వాళ్లకు తెలిసిన దాన్ని అడిగే ప్రశ్న ఒక్కటీ పరీక్ష కాగితంలో ఉండదు కాబట్టి అలా అవుతున్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు నేల గురించీ నీళ్ల గురించీ జీవరాశి గురించీ చెప్పే చదువు వారానికి ఒక పూటైనా ఆరుబయట, చేతులతో సాగాలి. అది ఏడాదికోసారి చేసే విహారయాత్రగా ఉంటే చాలదు. కాలపట్టికలో లెక్కల పీరియడుకు ఎంత హక్కుందో దానికీ అంత హక్కుండాలి.

ముందు మన ఊరు

బోసు గారి జీవితచరిత్రను 1920లో ఇంగ్లీషులో రాసినవారు పాట్రిక్ గెడ్డిస్. ఆయన స్కాట్లండు జీవశాస్త్రవేత్త. 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు రాజధానిలోని పట్టణాల మీద నివేదికలు రాశారు. అప్పటికి మన గంజాం కూడా మద్రాసు రాజధానిలోనే ఉంది, 1936లో కదా ఒడిశాలో కలిసింది. ఈ గెడ్డిస్ ఎడింబరోలో ఒక ఎత్తయిన బురుజును ప్రదర్శనశాలగా మార్చారు. వచ్చినవాళ్లు ముందు పైకెక్కి తమ ఊరిని నాలుగు పక్కలా కళ్లారా చూడాలి. ఆ పైన ఒక్కో అంతస్తు దిగుతూ ఎడింబరో గురించి, స్కాట్లండు గురించి, యూరప్ గురించి, చివర ప్రపంచం గురించి తెలుసుకోవాలి. ఆ వరస ఆయన ఊరికే పెట్టింది కాదు. తన ఊరిని చూడటం వచ్చినవాడికే ప్రపంచాన్ని చూడటం వస్తుందని ఆయన నమ్మకం.

పాఠ్యపుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. అందులో మన ఊరి చెరువు ఉండమంటే ఉండదు. దాన్ని చదువులోకి తీసుకురావలసింది బడి. ఆ పనికి ఈ జిల్లాకన్నా అనువైన చోటు నాకు తెలిసి చాలా తక్కువ. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం. నడుమ ఋషికుల్య, కొండల్లో పుట్టి, ఆసికా దగ్గర బడానదిని కలుపుకుని, పురుషోత్తంపురం దాటి, పురుణాబంధ దగ్గర సముద్రంలో పడుతుంది. మొత్తం నడక సుమారు 165 కిలోమీటర్లు. ఒక నది పుట్టుక నుంచి ముగింపు దాకా దాదాపు ఒక్క జిల్లా పిల్లల కళ్ల ముందే జరిగే చోట్లు ఎన్ని ఉంటాయి? పైగా రంభ దగ్గర చిలికా సరస్సు ఉంది. ఛత్రపురం పక్కన తంపర మంచినీటి సరస్సు ఉంది, 2021లో అదీ చిలికాలాగే, ముఖ్యమైన చిత్తడి నేలలను గుర్తించే రామ్‌సర్ జాబితాకెక్కింది. తప్తపాణిలో వేడినీటి ఊట ఉంది. భేట్నై పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి, వాటి జోలికి ఎవరినీ పోనివ్వకుండా తరాలుగా ఆ ఊళ్ల రైతులే కాపాడుతున్నారు. జౌగడలో 2200 ఏళ్లకు పైగా ఎండకూ వానకూ ఓర్చుకున్న అశోకుడి శాసనం ఉంది. అది చరిత్ర పాఠమే, ఏ రాయి ఎంతకాలం నిలుస్తుందో చెప్పే భూగర్భ పాఠం కూడా.

ఇన్నీ ఒకేసారి చూపించమని నేను అనను. ఒక్క గుప్పెడు ఇసుకతో మొదలుపెట్టవచ్చు.

గుప్పెడు ఇసుక

గోపాల్‌పూర్ ఒడ్డున పొద్దున్న ఏడు గంటల వేళ నాలుగో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరి అరచేతిలో వాళ్లను చిటికెడు ఇసుక పోసుకోమనండి. ‘ఏ రంగు?’ అని అడగండి. ‘ఇసుక రంగు’ అంటారు. భూతద్దం ఇవ్వండి. ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ తరవాత గోల మొదలవుతుంది. ‘తెల్లవి ఉన్నాయి, గాజులాగ!’ ‘నల్లవి ఉన్నాయి!’ ‘నాకు గులాబీవి దొరికాయి!’

తెల్లగా గాజులా ఉన్నవి క్వార్ట్జ్. నల్లవాటిలో ఎక్కువ ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. గులాబీ, ఎరుపు రంగువి గార్నెట్. ఈ పేర్లు అప్పుడే చెప్పనక్కరలేదు. పాడైపోయిన లౌడ్‌స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఇసుక మీద తిప్పించండి. నల్ల రేణువులు కొన్ని లేచి కాగితానికి అంటుకుంటాయి. కొన్ని కదలవు. ‘అన్నీ నల్లవే కదా, కొన్నే ఎందుకు లేచాయి?’ ఈ ప్రశ్నను పిల్లలే అడుగుతారు. నలుపు అన్నది ఒక్కటే గుర్తు, లోపలి పదార్థం వేరై ఉండవచ్చు అన్న మాట అక్కడ వాళ్లకు అందుతుంది. రంగు చూసి తీర్పు చెప్పకూడదన్నది ఖనిజశాస్త్రంలో మొదటి మెట్టు. తొమ్మిదేళ్ల పిల్లలు ఆ మెట్టు తమంతట తాము ఎక్కుతారు.

తరవాత ఒక కొబ్బరిచిప్పలో ఇసుక, నీళ్లు పోసి మెల్లగా గుండ్రంగా ఊపమనండి. తేలిక రేణువులు పైకి జరుగుతాయి, నల్లవి అడుగున చేరతాయి. క్వార్ట్జ్ నీటికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు, గార్నెట్ సుమారు నాలుగు రెట్లు, ఇల్మనైట్ అంతకన్నా ఎక్కువ. అల చేసే పనీ ఇదే. ఒడ్డుకొచ్చి వెనక్కిపోతూ తేలికవాటిని లాక్కుపోతుంది, బరువువాటిని వదిలేస్తుంది. తుపాను వెళ్లిన మర్నాడు ఒడ్డంతా నల్ల చారలు పడేది అందుకే. ఛత్రపురం దగ్గర ఐఆర్ఇఎల్ (పూర్వపు ఇండియన్ రేర్ ఎర్త్స్) వారి కర్మాగారం పెద్ద ఎత్తున చేసేదీ ఈ వేరుచేసే పనే. ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్, మోనజైట్ ఆ ఇసుకలోంచే తీస్తారు. తమ తండ్రులు పడవలు లాగే ఇసుకకు ఇంత విలువ ఉందని ఆ పిల్లలకు తెలియాలి.

ఒకసారి ఇలాంటి పూటలో ఒక జాలరి పిల్ల అడిగింది: ‘వరదొచ్చినప్పుడు ఏరు ఎర్రగా వస్తాది కద మాస్టారూ, ఆ ఎరుపంతా ఏటవుతాది మరి?’ బడిలో నోరు విప్పని పిల్ల అది. భూగర్భశాస్త్రం అడిగే పెద్ద ప్రశ్నల్లో ఒకటి ఆ పిల్ల అడిగేసింది. కొండ ఏమవుతోంది అని.

దాని జవాబు కోసం ఇంకో పూట కొండ దగ్గరికి వెళ్లాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఇక్కడి కంధ (ఖోండు) గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. తుప్పు రంగులో ఉంటుంది, చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. బాగా చివికిన ముక్కను రాతి మీద కొడితే పొడి రాలుతుంది. ఆ పొడిని భూతద్దంతో చూస్తే మళ్లీ అవే గులాబీ గార్నెట్లు! ఒడ్డున అరచేతిలో చూసినవే. అప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు ఏ నల్లబల్ల దగ్గరా నేను చూడలేదు. రాయి చివికి రేణువైంది, వాన రేణువును ఏట్లోకి దించింది, ఏరు కడలికి చేర్చింది, అల దాన్ని ఒడ్డుకు తెచ్చింది. ఇంకొంచెం పెద్ద పిల్లలకు మరో మాట కూడా చెప్పవచ్చు. ఈ ఖోండలైట్ ఒకప్పుడు బురద. నీళ్ల అడుగున పేరుకున్న బంకమట్టి భూమి లోతుల్లోకి కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ మారిపోయి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఈ రాయిగా తయారైంది. బురద కొండైంది, కొండ ఇసుకవుతోంది. కోణార్క గుడి కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే. ఆ శిల్పాలు ఎందుకు అరిగిపోతున్నాయో ఈ పిల్లలకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

తాబేళ్ల ఒడ్డు

ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలు, లక్షలుగా వచ్చి గుడ్లు పెడతాయని ఈ సభలో తెలియనివారుండరు. శాస్త్రలోకానికి ఈ సంగతి తెలిసింది మాత్రం 1994లోనే. పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట జాలరులకు అంతకు ఎంతో ముందే తెలుసు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు ఈ ఒక్క ఒడ్డున గుడ్లు పెట్టాయి. కొన్ని ఏళ్లు అలా గుంపుగా రావు. ఎందుకు రాలేదన్నది కూడా పిల్లలు ఆలోచించదగ్గ ప్రశ్నే.

తాబేలు చట్టం రక్షణలో ఉన్న జీవి. అటవీ శాఖవారి అనుమతి, తోడు లేకుండా గూళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకుపోకూడదు, గుడ్లను, పిల్లలను ముట్టుకోనివ్వకూడదు. ఆ కట్టుబాటు కూడా చదువులో భాగమే. కాని తాబేలును ముట్టుకోకుండానే తాబేలు గురించి చేతులతో నేర్చుకోవచ్చు. గూళ్లు లేని చోట, ఒడ్డుకు దూరంగా, వీలైతే బడి ఆవరణలోనే, పిల్లల చేత మూరెడు లోతు గొయ్యి తవ్వించండి. తల్లి తాబేలు తవ్వే గూడు కూడా దాదాపు అంతే, సుమారు ఒకటిన్నర అడుగులు. మిట్టమధ్యాహ్నం కాళ్లు కాలే ఇసుకలో చెయ్యి లోపలికి పెడితే చల్లగా ఉంటుంది. పైన ఒక థర్మామీటరు, లోపల ఒకటి పెట్టి, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం రాయించండి. పైది ఎగిరెగిరి పడుతుంది. లోపలిది నిలకడగా ఉంటుంది. నూరుకు పైగా గుడ్లను అంత లోతున దాచి, తల్లి ఎందుకు నిశ్చింతగా వెళ్లిపోగలదో ఆ రెండు వరసల అంకెలు చెబుతాయి.

ఆ మీదట ఉపాధ్యాయుడు ఒక్క మాట కలిపితే చాలు. గుడ్డులోంచి వచ్చేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. భూమి వేడెక్కడం అన్న మాటను పిల్లలు టీవీలో వింటూనే ఉంటారు. తమ చేత్తో కొలిచిన ఇసుకతో అది ముడిపడితే ఆ మాటకు బరువొస్తుంది. ఏడెనిమిది వారాలకు తాబేలు పిల్లలు బయటికొచ్చి, రాత్రిపూట వెలుగున్న వైపు నడుస్తాయి. సముద్రం మీద మెరిసే కాంతే వాటికి దారి. ఊరి దీపాలు, కర్మాగారాల దీపాలు దారి మళ్లిస్తాయి. అందుకే ఆ రోజుల్లో తీరం వెంట దీపాలు ఆర్పిస్తారు. దారి తప్పిన పిల్లలను బుట్టల్లో ఎత్తి కడలికి చేర్చే యువకులు ఈ జాలరి పల్లెల నుంచే వచ్చారు. ఈ ఒడ్డుకు కాపలా వాళ్లే.

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నవంబరు నుంచి మే నెలాఖరు దాకా మొగ చుట్టూ చేపలవేట మీద నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో జాలరి ఇంట్లో రాబడి తగ్గుతుంది. తాబేలు పాఠం చెబుతూ జాలరిని దోషిగా నిలబెడితే, తరగతిలో ఉన్న జాలరి బిడ్డ తన తండ్రిని చూసి సిగ్గుపడటం నేర్చుకుంటాడు. అంతకన్నా అన్యాయమైన చదువు లేదు. తాబేలూ బతకాలి, జాలరీ బతకాలి, రెండూ ఎలా కుదురుతాయి అని పిల్లల్నే అడగాలి. ఆ కుర్రాడి తండ్రినో తాతనో బడికి పిలిచి, వల గురించీ గాలి గురించీ చెప్పించాలి. ఆ రోజు ఆ తరగతికి గురువు ఆయనే.

వాన, ఉప్పు, నీడ

సముద్రానికి దూరంగా, బరంపురం ఇరుకు వీధుల్లో ఉన్న బడి సంగతేమిటని అడగవచ్చు. ఆకాశం అందరికీ ఉంది. అడుగు నుంచి మెడ దాకా ఒకే వెడల్పున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తిరగేసి పెట్టి, పక్కన స్కేలు అంటిస్తే వానమాని సిద్ధం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. బడి డాబా 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటే 160 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే 4000 లీటర్లు. వేసవిలో బిందెలతో ట్యాంకరు దగ్గర నిలబడే ఊళ్లో, అయిదో తరగతి పిల్లవాడు ఈ లెక్క ఇంటికి తీసుకెళ్తే తల్లిదండ్రులు వినకుండా ఉండరు.

మూడు పళ్లేల్లో మూడు రకాల నీళ్లు సమానంగా పోసి ఎండలో పెట్టండి. ఒకటి బావి నీరు, ఒకటి రంభ దగ్గర చిలికా నీరు, ఒకటి గోపాల్‌పూర్ సముద్రపు నీరు. నీళ్లు ఇగిరిపోయాక మిగిలినదాన్ని పోల్చి చూడమనండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని పుస్తకంలో ఉంది. వానాకాలం తరవాత మన ఒడ్డున అంత రాదు, నదుల నీళ్లు కలుస్తాయి కాబట్టి. అదే ప్రయోగం వేసవి ముందొకసారి, వానల తరవాత ఒకసారి చేస్తే పిల్లలే తేడా కనిపెడతారు. చిలికా కథ వాళ్లకు అప్పుడు అర్థమవుతుంది. మొగ పూడిపోయి ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు తగ్గిపోయిన ఆ సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. సముద్రం మళ్లీ లోపలికి వచ్చాక సరస్సు కోలుకుంది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో దాని పేరు తీసేశారు. పళ్లెంలో మిగిలిన ఉప్పును వేలితో తాకిన పిల్లకు ఈ కథంతా రెండు వాక్యాల్లో ఎక్కుతుంది.

బడి ఆవరణలో ఒక నిట్టనిలువు కర్ర పాతించి దాని నీడను ముగ్గుతో గుర్తు పెట్టిస్తూ ఉండండి. బరంపురం భూమధ్యరేఖకు 19 డిగ్రీలు పైన ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే నెల నడుమ ఒకసారి, జులై చివరి వారంలో ఒకసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. పన్నెండు గంటల ప్రాంతంలో ఆ కర్రకు నీడే ఉండదు. ఢిల్లీ పిల్లలకు ఆ భాగ్యం లేదు. మే నెలలో బడికి సెలవులు. జులైలో మబ్బు పట్టకపోతే పిల్లలు దాన్ని కళ్లారా చూస్తారు.

తుపాను సంగతి విడిగా చెప్పాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. ఈ నేల మీద పుట్టిన పిల్లలకు తుపాను పాఠ్యాంశం కాకముందే అనుభవం. ఆ భయాన్ని జ్ఞానంగా మార్చే పని బడిది. రెండు మట్టి గుట్టలు చేయించండి, ఒకదాని మీద గడ్డి నాటించండి, ఒకటి బోడిగా వదిలేయండి. వేళ్లు పట్టాక రెండింటి మీదా ఒకే చెంబుతో నీళ్లు పోయించండి. అడవి కొట్టిన కొండవాలు ఎందుకు జారుతుందో కంటికి కనిపిస్తుంది. తీరంలో ఉన్న బడి అయితే, కదలని ఒక కొబ్బరిచెట్టు నుంచి పోటు నీటి గీత దాకా నెలనెలా తాడుతో కొలిపించండి. పొడంపేటలో సముద్రం ఇళ్లను తీసుకుపోయింది, కుటుంబాలు ఊరు మారాయి. ఆ కొలతల పుస్తకం అయిదేళ్లు నిలిస్తే అది పిల్లల పుస్తకంగానే మిగిలిపోదు, ఊరికి ఆధారమవుతుంది.

నోటుపుస్తకం, నోటి మాట

ఈ పనులన్నిటికీ తోడు ఒక నోటుపుస్తకం ఉండాలి. లక్ష్మణరావు గారు తన నవలను డైరీల రూపంలో నడిపారు. ఒకే జీవితాన్ని ఇద్దరు మనుషులు రాసుకుంటే అందులో రెండు నిజాలు కనిపిస్తాయి. పిల్లల ప్రకృతి డైరీలో కూడా అంతే. ఒకే చెట్టును ఇద్దరు పిల్లలు చూస్తారు, ఒకరు పూత చూస్తారు, ఒకరు చీమల బారు చూస్తారు. పక్కపక్కన కూర్చుని చదువుకుంటే ఇద్దరికీ చెట్టు పెద్దదవుతుంది. తేదీ, వేళ, ఎండో మబ్బో, ఏం చూశాను, ఏం కొలిచాను, ఏం తెలియలేదు. ఈ ఆరు సంగతులు రాస్తే చాలు. బొమ్మ తప్పకుండా ఉండాలి. అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్దవద్దు.

ఏ భాషలో రాయాలి? బరంపురం పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు మోస్తున్నాడు. ఆరుబయట పిల్లవాడు ఏ భాషలో నోరు విప్పితే ఆ భాషలో రాయనివ్వండి. ఈ పాత గంజాం గడ్డ మీదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. పిల్లల నోట ఉన్న భాషే చదువుకు వాకిలి అని ఆయన బతికి చూపించారు. మనం ఆ వాకిలిని ఆరుబయటికి తెరవాలి.

అభ్యంతరాలు

ఉపాధ్యాయులు నాతో అనే మాటలు నాకు తెలుసు. వాళ్ల ఇబ్బందులు నిజమైనవి. ‘సిలబస్ పూర్తికాదు’ అంటారు. కొలవడం, కూడటం, సగటు తీయడం, వాక్యం రాయడం, పటం గీయడం, ఇవన్నీ సిలబస్సే. ఇసుకలో చేసినంత మాత్రాన అవి వేరే చదువు అయిపోవు. బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. 2020 విద్యావిధానం ఆరు, ఎనిమిది తరగతుల నడుమ ఎప్పుడైనా పది రోజులు సంచి లేకుండా బడికి రమ్మంది. చిన్న తరగతుల పిల్లలకు అంతకన్నా ఎక్కువ కావాలి, ఎందుకంటే చేత్తో తాకి తెలుసుకునే వయసు వాళ్లది.

‘పిల్లలకేమైనా అయితే?’ అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. గోపాల్‌పూర్ సముద్రం లాగేసే రకం, అందులోకి చీలమండ దాటి దిగనివ్వకూడదు. పది పన్నెండు మందికి ఒక పెద్ద మనిషి తోడుండాలి. ఒడ్డుకు పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే వచ్చేయాలి. తాగే నీళ్లు, టోపీ, చెప్పులు, మందుల పెట్టె ఉండాలి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోవాలి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తలలు లెక్కపెట్టాలి. తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి, వీలైతే వాళ్లనే తోడు తీసుకెళ్లాలి. ఇంత జాగ్రత్త పడితే అపాయం దూరంగా ఉంటుంది.

‘డబ్బెక్కడిది?’ అంటారు. భూతద్దాలు, పాత అయస్కాంతం, రెండు థర్మామీటర్లు, తాడు, సీసాలు. ఇంతకు మించి నేను చెప్పిన దేనికీ ఖర్చు లేదు. బస్సు అక్కరలేదు, నడిచి వెళ్లగలిగిన చోటునే ఎంచుకోవాలి. వింత చోట్లు పది చూపించడం కన్నా ఒకే చోటుకు పదిసార్లు వెళ్లడం మేలు. చెరువు గట్టు జూన్‌లో ఒకలా, అక్టోబరులో ఇంకోలా, ఫిబ్రవరిలో మరోలా ఉంటుంది. మార్పును పట్టుకోవడమే సైన్సు. ఒకసారి చూసి వచ్చినవాడికి మార్పు దొరకదు.

చివరిగా, ‘నాకే తెలియదు, పిల్లలడిగితే ఏం చెప్పను?’ అనే ఉపాధ్యాయులున్నారు. ‘నాకూ తెలియదు, రేపు కలిసి చూద్దాం’ అనండి. ఆ మాట విన్న పిల్లలకు గురువు మీద గౌరవం పెరుగుతుంది. శాస్త్రం అంటే తెలియనిదాన్ని తెలుసుకునే పద్ధతి అని వాళ్లకు ఆ ఒక్క మాటతో అందుతుంది. పైగా ఈ ఊళ్లో సాయానికి లోటు లేదు. బరంపురం విశ్వవిద్యాలయం 1967 నుంచి ఉంది, సముద్రశాస్త్రం చెబుతోంది. 2016 నుంచి ఐసర్ అనే శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఉంది. గోపాల్‌పూర్‌లో జంతుశాస్త్ర సర్వేక్షణ వారి కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలను నేను కోరేది ఒకటే. నెలకు ఒక పూట ఒక ప్రాథమిక పాఠశాలకు ఇవ్వండి. ఉపన్యాసం చెప్పవద్దు. పిల్లల పక్కన ఇసుకలో కూర్చోండి, వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పండి, వాళ్లు చెప్పేది వినండి.

నా విన్నపం

బోసు గారు పెద్ద శాస్త్రవేత్త కావడానికి ఒక జాలరి పిల్లవాడు పక్కన కూర్చోవలసి వచ్చింది. మన బడుల్లో ఆ జాలరి పిల్లవాడు వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటున్నాడు. తరగతి ఒడ్డుకు కదిలిన రోజున అతను ముందుకొస్తాడు, ఎందుకంటే అక్కడ తెలిసినవాడు అతనే. పట్నం పిల్లలు అతని దగ్గర నేర్చుకుంటారు. అక్షరాలు వాళ్లు అతనికి నేర్పుతారు. అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం జరిగే చోటే నా దృష్టిలో మంచి బడి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ విద్యా సంవత్సరంలో ఒక్క పని చేయండి. మీ బడి నుంచి పదిహేను నిమిషాల నడకలో ఒక చోటు ఎంచుకోండి. చెరువైనా, గుట్టైనా, వాగైనా, మొగలి పొదలున్న ఇసుక దిబ్బైనా సరే. వారానికి ఒక పూట అదే చోటుకు పిల్లల్ని తీసుకెళ్లండి. నోటుపుస్తకం రాయించండి. తల్లిదండ్రులారా, మోకాళ్లకు మట్టి అంటుకుని ఇంటికొచ్చిన పిల్లను కసరకండి, ఈ రోజు ఏం చూశావని అడగండి. అధికారులారా, ఆ పూటను కాలపట్టికలో అచ్చు వేయించి, దాన్ని తీసేసే హక్కు ఎవరికీ లేదని ఉత్తర్వు ఇవ్వండి. బరంపురంలో పుట్టి మొక్కల శాస్త్రం కోసం ఖండాలు దాటిన లక్ష్మణరావు గారికి ఈ ఊరు చేయగల నిజమైన స్మరణ ఇదేనని నమ్ముతున్నాను.